ఆరో నంబరుకి హైపో

లక్ష్మీదుర్గ అప్పటికే మగవాళ్ల వార్డు సగం తుడిచేసింది. బకెట్లో ఫినాయిలు కలిసిన నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. చీర పైకి దోపుకుని, రబ్బరు గ్లౌజుల్లో నానిపోయిన వేళ్లతో గుడ్డ పిండుతూ ఆరో నంబరు మంచం దగ్గరికొచ్చింది.

"ఆ మూల ఎవరు తుడుస్తారు దుర్గమ్మా? నన్ను లేవమంటావా?" అన్నాడు మంచం మీది కనకరాజు.

"మీరు పడుకోండి బాబాయ్. తుడుస్తున్నాను కదండీ."

ఏలూరు పవర్‌పేటలోని ఆ నర్సింగ్ హోములో ఇరవై రెండేళ్లు ఇదే వార్డు తుడిచిన మనిషి ఆయన. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఐదు రోజులుగా ఇదే వార్డులో పడుకున్నాడు. పడుకున్నాడన్న మాటే గానీ పెత్తనం మానలేదు.

దుర్గకి పని నేర్పింది ఆయనే. తొమ్మిదేళ్ల కిందట, చేరిన రోజునే, బాగా తెల్లబడుతుంది కదా అని బ్లీచింగు చల్లిన బాత్‌రూములో యాసిడ్ పోయబోయింది. కనకరాజు రెక్క పట్టుకుని బయటికి లాగేశాడు. ఆ రెండూ కలిస్తే లేచే పొగకి మనిషే పోతాడట. భయంతో ఏడుస్తున్న పిల్లకి టీ తెప్పించి, డబ్బాలన్నీ ముందు పెట్టి పాఠం చెప్పాడు. ఫినాయిలు వరండాలకి. దాని వాసనకి చూడవచ్చినవాళ్లు సంతోషిస్తారు, అంతేగాని నెత్తురు పడ్డచోట దాన్ని నమ్మకూడదు. స్పిరిటు ట్రేలకి, ఇంజక్షన్ల బల్లకి. ఇట్టే ఆరిపోతుంది, మురికి మీద పోస్తే దండగ. డిశ్చార్జి అయినవాళ్ల మంచానికి సబ్బునీళ్లు చాలు. నెత్తురుకీ, వాంతికీ, పోయినవాళ్ల మంచానికీ మాత్రం హైపో, అంటే ఘాటైన క్లోరిన్ మందు. అది ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, తడిగా పది నిమిషాలు ఉండనివ్వాలి. ఇనుముకి తుప్పు పట్టిస్తుంది కనుక తరవాత మంచినీళ్లతో తుడవాలి.

రేపు పొద్దున్నే ఇంటికి పంపిస్తామని డాక్టరుగారు చెప్పారు. బస్టాండు దాకా ఆటో మాట్లాడి ఉంచింది దుర్గ. కామవరపుకోటలో కూతురి దగ్గర నెల్లాళ్లుండి ఆయన మళ్లీ పనిలోకి వస్తాడు. రావాలని దుర్గకి ప్రాణమంత ఆశ. తండ్రి పోయాక ఆమెని తిట్టే హక్కున్న మనిషి ఆయనొక్కడే మిగిలాడు.

"నేనొచ్చాక ఆపరేషన్ థియేటర్ నువ్వే తుడవాలి. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను."

"చూద్దురుగాని. ముందు ఇంటికెళ్లండి."

పైఅంతస్తు గదులు, బాత్‌రూములు అయ్యేసరికి రెండు దాటింది. మెట్ల కింద కూర్చుని క్యారేజీ మూత పెడుతుండగా నర్సు రమణి తొంగిచూసింది.

"దుర్గా, ఆరో నంబరుకి హైపో పట్టుకెళ్లు."

వద్దన్నవన్నీ తిని కక్కుకుని ఉంటాడు, అనుకుంది దుర్గ. నవ్వుకుంటూ ఒక పాలు హైపోకి నాలుగు పాళ్ల నీళ్లు పోసింది. నాలుగు చీవాట్లు కూడా సిద్ధం చేసుకుంది.

మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి తీసేశారు. రెక్సిన్ పరుపు మీద మనిషి పడుకున్న పల్లం అలాగే ఉంది. నేల మీద వాంతి లేదు. దుర్గ వంగి మంచం కింద కూడా చూసింది.

"బాబాయ్ ఏరండీ?"

పక్క మంచం ఆయన మొహం తిప్పుకున్నాడు. రమణి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"గుండె ఆగిపోయింది దుర్గా. కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. అరగంట ప్రయత్నించారు. నీకు ఎవరో చెప్పే ఉంటారనుకున్నాను."

దుర్గకి చేతిలో బకెట్ కింద పెట్టాలని తోచింది, ఎక్కడ పెట్టాలో తోచలేదు. పొద్దున తిట్టిన మనిషి. రేపు ఆటో ఎక్కాల్సిన మనిషి. ఇంతలో ఎలా పోతాడు?

"పోనీ ఇంకొకళ్లని పిలుస్తానుండు."

"వద్దండి సిస్టర్‌గారు. ఇంకొకళ్లకి సరిగ్గా రాదండి."

తలవైపు నుంచి మొదలుపెట్టింది. కమ్మీలు, కోళ్లు, చక్రాలు, ఒక్కటీ వదల్లేదు. హైపో ఘాటుకి ఎలాగూ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, ఎవరూ ఏమీ అడగలేదు. పరుపు మీద పల్లం మెల్లగా నిండి సమమైంది. తరవాత మంచం పక్క బల్ల తుడవబోయి ఆగిపోయింది. దాని మీదున్నదంతా ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేసెయ్యాలి.

స్టీలు పళ్లెంలో సగం ఒలిచిన కమలాపండు, తొక్క ఇంకా వేలాడుతూ, తొనల మీద తడి ఆరకుండా ఉంది.