రామతులసి కార్డు మీద ఎర్ర సున్నాలు

నేను ఒక ప్రోగ్రెస్ కార్డును. రాజమండ్రిలో అచ్చయి, మన్యంలోని ఒక ఆశ్రమ పాఠశాలకి చేరాను. తొమ్మిదో తరగతి కత్తుల రామతులసి పేరు నా మీద పడింది.

ఆదివారం వస్తే మిగతా పిల్లల అమ్మానాన్నలు గేటు దగ్గర దిగేవాళ్లు. తిట్టేవాళ్లు, తలకు నూనె రాసేవాళ్లు. తులసి కోసం ఎవరూ వచ్చేవాళ్లు కారు. తండ్రి లచ్చిరెడ్డి కలప కూపులో, అడవిలో చెట్లు నరికే చోట, కూలీ. బిడ్డని ఏనాడూ "చెయ్యి" అనలేదు, "వద్దు" అనలేదు. బడికెళతానంటే "నీ ఇట్టం" అన్నాడు. కొండ మీద అది బిడ్డకిచ్చే మర్యాద. బడిలో మాత్రం దాన్ని పట్టించుకోకపోవడం అంటారు. తులసికి నాన్న నోట ఒక్క తిట్టయినా చాలనిపించేది.

అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కలకి వందకి పదకొండు, సైన్సుకి పద్నాలుగు. మాస్టారు రెండింటికీ ఎర్రసిరాతో సున్నా చుట్టి, సంతకొచ్చిన వాళ్ల ఊరి మనిషి చేతికిచ్చి, తండ్రి వేలిముద్ర కోసం నన్ను కొండెక్కించారు.

మర్నాడే లచ్చిరెడ్డి తొమ్మిది మైళ్లు నడిచొచ్చాడు. నన్ను మాస్టారి ముందు బల్ల మీద పెట్టాడు.

"సారూ, మా పిల్లకి ఎర్రగుర్తు ఎవరేసేరు?"

"తక్కువ మార్కులొస్తే అలాగే చుడతామయ్యా."

"కూపులో ఎర్రరంగు పూసిన చెట్టుని నరికేత్తాం సారూ. మా పిల్లని తీసేత్తారా?"

నవ్వబోయిన మాస్టారు ఆ ముఖం చూసి ఆగిపోయారు. "తీసెయ్యం. కానీ ఇలాగైతే పదో తరగతి గట్టెక్కదు. ఎప్పుడైనా చదువుకోమని చెప్పావా?"

"దానికి నేను సెప్పేదేటి? దానికి తెలవదా?"

"తెలవదు నాన్నా," గుమ్మంలోంచి తులసి గొంతు. "ఒక్కపాలి నువ్వు సెప్పు."

లచ్చిరెడ్డికి చెమటలు పట్టాయి. టేకు దుంగ మోసినప్పుడు కూడా అంత అవస్థ పడి ఉండడు.

"సదువుకో," అన్నాడు. వెంటనే గొంతు దిగిపోయింది. "నీకిట్టమైతేనే."

తులసి ఏడుస్తూ నవ్వింది. "ఇట్టమే గానీ, ఆదివారం రా. వచ్చి తిట్టు."

"ఏటని తిట్టాలే?"

"దారిలో ఆలోసించుకో!"

వచ్చాడు. ప్రతి ఆదివారం వచ్చాడు. తిట్టడం రాక, పక్కన కూర్చుని నన్ను తలకిందులుగా పట్టుకుని గంటసేపు చూసేవాడు. ఏడాది చివర లెక్కలకి ముప్పై ఎనిమిది వచ్చింది, సైన్సూ గట్టెక్కింది. సున్నా చుట్టలేదు.

తులసి పదో తరగతిలోకి వెళ్లింది. నేను బడి బీరువాలో, పాత కార్డుల కట్టలో ఉన్నాను. ఆదివారం గేటు దగ్గర లచ్చిరెడ్డి గొంతు వినబడుతుంది. నన్ను అడుగుతాడేమోనని చెవులు రిక్కిస్తాను. అడగడు. అతని చేతిలో ఇప్పుడు కొత్త కార్డు ఉంది.