సారీ చెప్పించిన మనిషి

"తువ్వాళ్ళు మూడు మడతలు వెయ్యి, నాలుగు కాదు" అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి. "పెద్ద హోటళ్ళలో అలాగే ఉంటాయి. స్పా అంటే మాటలనుకున్నావా!"

ఆమె మడత విప్పి మళ్ళీ వేసింది. పద్దెనిమిదేళ్ళుగా వాళ్ళ సొంత హోటల్లోని ఇరవై రెండు గదుల దుప్పట్లూ, గలీబులూ, తువ్వాళ్ళూ ఆమె చేతుల మీదుగానే వెళ్తున్నాయి. మరకలు పోగొట్టే మందుతో వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయాయి. అయినా ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే "ఇంట్లోనే ఉంటుంది" అని భర్త చెప్పేస్తాడు. అసలు స్పా పెడదామన్న మాట మొదట ఆమె నోటి నుంచే వచ్చింది. ప్రయాణాలు చేసొచ్చిన ఆడవాళ్ళు కాళ్ళు లాగేస్తున్నాయని, మసాజ్ చేసేవాళ్ళెవరైనా ఉన్నారా అని తననే అడుగుతున్నారని ఒకరోజు అన్నం తింటూ చెప్పింది. "నీకేం తెలుసు వ్యాపారం" అన్నాడప్పుడు. ఏడాది తిరిగేసరికి, "నాకెప్పట్నుంచో ఉన్న ఆలోచనండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తులో దుప్పట్లు దాచే గదిని స్పాకి తీసుకున్నారు. ఆ గదికి మంచి కిటికీ ఉండేది. మధ్యాహ్నం అరగంట ఆమె నడుం వాల్చేది అక్కడే. ఆ అరగంట ఏమైందని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. దుప్పట్లు మెట్ల కిందకి చేరాయి, వాటితోపాటే ఆమె కూడా.

మసాజ్ చెయ్యడానికి ఒకామెను కుదిర్చారు. అందరూ "స్పా అమ్మాయి" అనేవారు కానీ ఆమెకు ముప్ఫై దాటాయి. చదువుకునే కూతురుంది, మొగుడు లేడు. పని నేర్చుకున్న సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి తెచ్చుకుని, తనే మేకు కొట్టి గోడకి తగిలించుకుంది. మొదటిరోజు భర్త "ముందు మా ఆవిడకి చేసి చూపించమ్మా" అన్నాడు. కొత్త కుర్చీ కొనేముందు ఎవరినైనా కూర్చోబెట్టి చూస్తారే, అలాగ.

బల్ల మీద బోర్లా పడుకున్నప్పుడు ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పగిలిన మడమలు, నడుం చుట్టూ మడతలు, రంగు వెలిసిన లోదుస్తులు. ముందే తెలిస్తే మంచివి వేసుకునేదాన్ని కదా అనుకుంది. స్పా అమ్మాయి అవేవీ చూసినట్టే లేదు. వేడి నూనె రాసుకున్న అరచేతులు భుజం మీద ఆనించి, "అక్కా, ఇది భుజమా బండరాయా? మూటలు మోసేవాళ్ళకి కూడా ఇంత గట్టిగా ఉండదు" అంది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. తన నుంచి ఏమీ ఆశించని చెయ్యి ఒంటి మీద పడి ఎన్నేళ్ళయిందో లెక్క తేల్చుకోలేకపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరూ మెట్ల కింద కూర్చుని టీ తాగేవారు. ఆ పావుగంట కోసం ఆమె పొద్దుట్నుంచీ ఎదురుచూసేది.

రెండు నెలలు గడిచాయి. ఆ హోటల్‌కి యాత్రికుల బస్సులు పంపే ఒకాయన ఉన్నాడు. అందరూ "గ్రూపులాయన" అంటారు. ఆయన తల్చుకుంటే సగం గదులు నిండుతాయి, కోప్పడితే సగం ఖాళీ అవుతాయి. ఒక మధ్యాహ్నం ఆయన స్పాకి వెళ్ళాడు. ఇరవై నిమిషాలైనా కాకముందే పైన తలుపు ధడాలున పడింది. స్పా అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. చేతులకి నూనె అలాగే ఉంది.

"అక్కా, వాడు నా చెయ్యి పట్టుకుని ఎక్కడికి లాగాడో చెప్పడానికి కూడా నాకు నోరు రావట్లేదు. మొహాన తువ్వాలు విసిరికొట్టి వచ్చేశాను."

ఆమె అమ్మాయిని తువ్వాళ్ళ మూట మీద కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. వీపు నిమిరింది. "నువ్విక్కడే కూర్చో. నేను చూసుకుంటాను" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో కల్లాకపటం లేదు. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా, అందులో అబద్ధం దొరికితే బావుండునని వెతుక్కుంది. దొరకలేదు.

భర్త ఆఫీసు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమె చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. "నాకంతా తెలుసు. ఆయన బట్టలు సర్దుకుంటున్నాడు. ఇంకెప్పుడూ గడప తొక్కనంటున్నాడు. వెళ్ళి ఆ అమ్మాయి చేత సారీ చెప్పించు."

"తప్పు ఆయనదండీ."

"ఎవరిదైతే ఏంటి? నేను చెబితే బావుండదు. ఆడదానివి, నువ్వు చెబితే వింటుంది."

ఆమె వెనక్కి తిరిగింది. వరండాలో నడుస్తుండగానే ఏం చెప్పాలో మాటలు వాటంతటవే వచ్చేశాయి. పెళ్ళయిన రెండో ఏడు, ఐదో నంబరు గదిలో దిగిన మనిషి మంచినీళ్ళ చెంబుతోపాటు తన చెయ్యి పట్టుకుని వదలనప్పుడు, అత్తగారు చెప్పిన మాటలవి. పొల్లు పోకుండా అవే చెప్పి, చివర పాప మాట తనే కలిపింది. "గదులు అద్దెకిచ్చుకునేవాళ్ళం. ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదు. ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుంది? పాపనైనా చూసుకోవాలి కదా."

స్పా అమ్మాయి చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. పక్కనున్న తువ్వాలుతో చేతుల నూనె తుడుచుకుని లేచింది.

రిసెప్షన్‌లో గ్రూపులాయన పేపరు చదువుతున్నాడు. "సారీ సార్, పొరపాటైంది" అంది అమ్మాయి. "పర్లేదు, చిన్నపిల్ల. తెలీక చేసింది" అన్నాడాయన పేపరు దించకుండా. భర్త హమ్మయ్య అనుకుని కాఫీ తెమ్మన్నాడు. తెచ్చేవాళ్ళెవరూ దగ్గర లేకపోవడంతో ఆమే తెచ్చింది. పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది. నోరు అలవాటు కొద్దీ అడిగేసింది.

ఆ సాయంత్రం భర్త ఆమె భుజం తట్టి, "శభాష్! ఆడవాళ్ళ వ్యవహారం ఆడవాళ్ళకే తెలుస్తుంది" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన మెచ్చుకున్న మొదటి పని అదే. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, మొహం ఎర్రబడేదాకా కడుక్కుంది. అద్దంలోకి చూడబుద్ధి కాలేదు. తను అప్పట్లో అత్తగారిని ఎంతగా తిట్టుకుందో గుర్తొచ్చింది. ఆవిడ ఆ మాటలు చెప్పేటప్పుడు గోడవైపు ఎందుకు తిరిగి నిలబడిందో ఇప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి స్పా అమ్మాయి ఆమెను "మేడమ్" అనడం మొదలుపెట్టింది. పనిలో లోటు లేదు, మాటలో మర్యాద తప్పలేదు. టీకి మాత్రం రాలేదు. ఆమె రెండు కప్పులు కలిపి, ఒకటి తాగి, రెండోది సింకులో పారబోసేది.

నెల తిరక్కుండానే గ్రూపులాయన మళ్ళీ దిగాడు. రిసెప్షన్‌లో పనిచేసేవాళ్ళు భోజనానికి వెళ్ళడంతో బల్ల దగ్గర ఆమే ఉంది. "నాలుగింటికి స్పా రాసుకోండి. ఆ అమ్మాయే కావాలి" అన్నాడాయన, చిరునవ్వుతో.

ఆమె బుకింగ్ పుస్తకం మూసేసింది. "ఆ అమ్మాయి మీకు సారీ చెప్పింది కదండీ. అది నేను బలవంతాన చెప్పించాను. చెప్పాల్సింది మీరు. చెప్పరని తెలుసు కాబట్టి, వేరే హోటల్ చూసుకోండి" అంది.

ఆయన కేకలు విని భర్త పరుగెత్తుకొచ్చాడు. బతిమాలాడు. చివరికి కారు వెళ్ళిపోయాక ఆమె వైపు తిరిగి, "ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు.

"తెలుసండీ. మొన్న ఏం చేశానో కూడా తెలుసు."

ఆమె రెండో అంతస్తుకి ఎక్కేసరికి స్పా అమ్మాయి గోడకున్న సర్టిఫికెట్టు దింపి పాత దుప్పట్లో చుడుతోంది. వేరేచోట పని చూసుకుని వారమైందట. కిందనుంచి మాటలన్నీ వినిపించాయట.

"మంచిపని చేశారు మేడమ్" అంది, మూట ముడి వేస్తూ. "కానీ నాకది ఆ రోజు కావాల్సింది."

ఆమె క్షమించమని అడుగుదామని వచ్చింది. అడిగితే ఆ బరువు కూడా ఈ పిల్ల నెత్తినే పెట్టినట్టవుతుందనిపించి నోరు మూసుకుంది. అమ్మాయి సంచి తనే పట్టుకుని కిందిదాకా వెళ్ళింది. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడింది. స్పా అమ్మాయి వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు.

పది రోజులు మాటల్లేకుండా తిరిగిన భర్త, పదకొండో రోజు ఇంకొకామెను పిలిపించాడు. "ఈసారైనా కాస్త సర్దుకుపోయేదాన్ని చూడు" అని భార్యతో గుసగుసగా అన్నాడు. వచ్చినామె కుర్చీ అంచున కూర్చుని కాగితాలు ముందుకు జరిపింది. ఆయన అనుభవం ఎంతని అడిగాడు, టైముకి రావాలన్నాడు, గెస్టులతో నవ్వుతూ ఉండాలన్నాడు. అన్నీ అయ్యాక, "నువ్వేమైనా అడుగుతావా?" అన్నాడు భార్యతో, మాటవరసకి.

ఆమె కుర్చీ లాక్కుని వచ్చినామెకు ఎదురుగా కూర్చుంది. చెంపలు మండిపోతున్నాయి. అయినా తల వంచుకోలేదు.

"అడగడానికేం లేదమ్మా. నువ్వు ఒప్పుకునే ముందు, నీకన్నా ముందు పనిచేసినామెకు నేను ఏం చేశానో చెప్పాలి" అంది.