నలభై ఒకటో చోటు

ఫీల్డు పుస్తకం పోయింది మంగళవారం. పాండురంగ దాన్ని కారు టాపు మీద పెట్టి, నీళ్లు తాగి, అలాగే బండి తోలేశాడు. టూవూంబాలో ఆఫీసు చేరేదాకా గుర్తు రాలేదు.

బుధవారం పొద్దుటినుంచీ తెర ముందు కూర్చుని పళ్లు నూరుతున్నాడు. యాభై నాలుగేళ్లవాడు. మెడ వంగింది, ముక్కు మీద కళ్లద్దాల ఒరపిడికి ఎర్రటి గాట్లు పడ్డాయి. అనంతపురం సర్వే ఆఫీసులో గీతలు గీసిన చేతులు పదకొండేళ్లుగా ఇక్కడ ఆస్ట్రేలియాలో ఉపగ్రహం తీసిన బొమ్మల్లో అడవికి రంగులు వేస్తున్నాయి. ఒక్క పటం మీదా అతని పేరు లేదు.

పైనుంచి చూస్తే బ్రిగలో అనే తుమ్మజాతి పాత చెట్లూ, నరికాక మళ్లీ మొలిచినవీ ఒకే పచ్చ. తేడా తేలాలంటే మనిషి వెళ్లి మాను కొలవాలి. నలభై చోట్ల కొలతలు ఇదివరకే ఎక్కించాడు. మంగళవారం చూసిన నలభై ఒకటోది ఆ పుస్తకంలోనే ఉంది. కొలత లేకపోతే పటం దాన్ని మళ్లీ మొలిచిన అడవి అంటుంది. అలా అంటే నరకడానికి అడ్డు లేదు. కంచె పక్కన యంత్రాలు అప్పుడే దిగాయి.

జ్ఞాపకం రుజువు కాదన్నాడు మేనేజరు. ఆఫీసు కారుకు ఒకరోజు ముందు అడగాలన్నారు. పోయిన వస్తువుల ఫారం పుస్తకం రంగేమిటని అడిగింది.

పక్క బల్ల దగ్గర చాముండేశ్వరి ఉంటుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తారుమారు కాకుండా చూడటానికి కాకినాడ నుంచి వచ్చిన కాంట్రాక్టు అమ్మాయి.

"ఫైవ్‌కి ఇవాళే సిస్టమ్ ఫ్రీజ్ అండీ అంకుల్. జనవరి దాకా ఎవ్వరూ టచ్ చెయ్యకూడదు."

"జనవరికి ఆడ చెట్లుంటే గదమ్మా. నా కండ్లతో చూసినా. రెండు చేతులేసి పట్టుకుంటే ఏళ్ల కొసలు కలవలేదు."

"మీ చేతులు ఫారంలో పట్టవు కదండీ."

నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకూ చిరాకేసింది.

"నా కార్లోనే పోతా. బంకులోనుంచి ఫోన్ చేసి చెప్తా, నువ్వు ఎక్కించు."

భార్య శారదాంబ కట్టిన జొన్నరొట్టెల డబ్బా బల్ల మీదే వదిలేసి వెళ్లాడు.

గంటన్నర దారి పొడుగునా మేనేజర్నీ, ఫారాన్నీ, తన మతిమరుపునీ తిట్టుకున్నాడు. మూడింటికి కంచె దాటాడు. అన్నిటికంటే లావు మాను చూసుకుని, రొమ్ము ఎత్తున టేపు చుట్టి, కొసలు కలిపి కొక్కెం తగిలించాడు. ఒకటీ ముప్పావు మీటరు. పైకే చదివాడు. చదువుతుండగా ఎడమ చెయ్యి లాగింది. చొక్కా తడిసిపోయింది. రెండు నిమిషాలు కూర్చుని లేద్దామని ఆ మానుకే జారగిలబడ్డాడు.

చాముండేశ్వరి నాలుగున్నర నుంచీ ఫోను పక్కనుంచి కదల్లేదు. అయిదు తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు మూయకుండా ఆపింది. మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాక సిస్టమ్ మూసేసింది.

పొద్దు వాలుతుండగా ఆ పొలంలో పనిచేసే మనిషి అతన్ని చూశాడు. అంబులెన్సువాళ్లకు చేయడానికి ఏమీ మిగల్లేదు. అతన్ని దుప్పటి కప్పి తీసుకెళ్లారు. టేపు మాను చుట్టూ అలాగే ఉండిపోయింది. దాని మీది అంకెను ఇంకా ఎవరూ ఎక్కించలేదు.