గిల్‌మార్టిన్ ఇంటి మొక్కు

మా ఇంటిపేరు నిజంగా మాదేనా అన్న అనుమానం నన్ను చిన్నప్పటినుంచీ వదల్లేదు. గిల్‌మార్టిన్ అంటే పునీత మార్టిన్‌కు దాసులైన వంశం. మా పెద్దలు ఉత్తరాన టిరోన్ కొండల్లో బతికేవారనీ, యుద్ధాల్లో భూములు పోయి లీట్రిమ్‌లోని ఈ చిత్తడి నేలకు వచ్చి పడ్డారనీ నాన్న చెప్పేవాడు. ఎన్నడూ చూడని ఆ కొండల వైపు తిరిగి నిలబడి చెప్పేవాడు. మా ఊళ్లోనే గుట్టమీద ఉండే గిల్‌మార్టిన్‌లు మాత్రం మమ్మల్ని తమవాళ్లని ఒప్పుకోలేదు. నాన్న పోయినప్పుడు తమ సమాధుల వరసలో చోటివ్వలేదు. శ్మశానం గోడవారన పూడ్చాం.

తమ్ముడు డొమినిక్ పెళ్లి చేసుకోలేదు. మా ఇంట్లో ఆ పేరు వాడితో ఆగిపోతుంది. నాన్న సమాధిరాయి మీద పేరు చెక్కిద్దామంటే వాడిది ఒకటే మాట: "ఎవరిదో పేరు మనకెందుకక్కా? గుట్టమీదివాళ్లు నవ్వడానికా?"

ఆ నవంబరులో మా మేనత్త విన్నీ మంచం పట్టింది. ఇప్పుడు అడగకపోతే చెప్పేవాళ్లుండరని ఇద్దరం వెళ్లాం.

"అత్తా, మనం గిల్‌మార్టిన్‌లమేనా?"

"వచ్చీ రాగానే ఇదా? ముందు టీ పెట్టవే."

సగం కప్పు తాగి చెప్పింది. కరువు కాలంలో, మార్టిన్ పండుగ ముందురోజు, గిల్‌మార్టిన్‌ల ఇంటి కోడలు, పిల్లల్లేని వితంతువు, తలుపు తీస్తే, మేమిప్పుడుంటున్న ఇంటి గడప మీదే, పసివాడు కనిపించాడు. వాడు బతికితే కోడిపుంజును ఇస్తానని మార్టిన్‌కు మొక్కుకుంది. పిల్లాడు బతికాడు. పుంజు బతకలేదు; ఆకలికి తినేశారు.

"ఆ పిల్లాడే మా తాత. మొక్కు కోడిని గడప మీద అందరూ చూస్తుండగా కోసి, నెత్తురు గడప మీదా ఇంటి నాలుగు మూలలా చల్లాలి. ఎవరి మొక్కని అడిగితే దాచకూడదు. చెబితే పేరు లాక్కుంటారని ఆయన భయపడి మొక్కు తీర్చనే లేదు. మీ నాన్నా అంతే."

"అయితే గుట్టమీదివాళ్లు అన్నది నిజమే," అన్నాడు డొమినిక్.

"రక్తం మాట నిజమే. మరి ఆవిడ వాణ్ణి ఒళ్లో వేసుకుని 'మార్టిన్ తండ్రీ, వీడు నీ దాసుడు' అంది కదరా! పేరు ఇచ్చినావిడ ఇచ్చాక వీళ్లెవరు లాక్కోడానికి?"

స్వర్గంలో ఉన్న పునీతుడు ఒక పుంజు కోసం ఇన్నేళ్లు ఎదురుచూస్తాడా? నాకు తెలియదు. కానీ ఆ సాయంత్రం జపమాల తిప్పుతుంటే వేళ్లు సాగలేదు.

పండుగ ముందురోజు పొద్దు వాలకముందే డొమినిక్ మా పుంజును పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. గుట్టమీది ఫెలిమ్ గిల్‌మార్టిన్ ఆవుల్ని తోలుకుపోతూ ఆగాడు.

"ఏరా డొమినిక్, మీ ఇంట్లో ఎన్నడూ లేంది! ఎవరి మొక్కురా?"

నేను నోరు తెరవబోయాను. వాడే చెప్పాడు.

"ఈ గడప మీద దొరికిన పిల్లాడి కోసం మొక్కింది. ఆ పిల్లాడే మా ముత్తాత. మీ రక్తం కాదు, ఫెలిమ్. మొక్కు మాత్రం మాదే."

ఫెలిమ్ టోపీ తీశాడు. ఆవుల్ని గోడవారన నిలిపాడు. తర్వాత గేటు తోసుకుని లోపలికొచ్చాడు.

"ఒక్కడివే పట్టుకుంటే గింజుకుంటుందిరా, వెర్రోడా. రెక్కలు నన్ను పట్టుకోనీ."

వాళ్లిద్దరూ వంగారు. నేను సిలువ గుర్తు వేసుకున్నాను. గడప మీద, ఇంటి నాలుగు మూలలా, మార్టిన్‌కు ఇవ్వాల్సిన ఆ నెత్తురు చుక్కలు పడ్డాయి.