బాబాయ్ వంతు

నా ఫెలోషిప్ పేరు చెబితే ఎవరికైనా ఆవులింత వస్తుంది: సంక్లిష్ట సివిల్ వ్యాజ్యాలపై పరిశోధన. జిరాక్స్ గదిని ఆనుకుని కిటికీ లేని గది, ఒక పక్కకి ఒరిగే కుర్చీ, వారానికోసారి లా విద్యార్థులతో ప్రాక్టీసు కోర్టు. మిగతా టైమంతా చదవడమే. చదివినకొద్దీ నీరసం తప్ప ఒరిగిందేమీ లేదు.

నేను చదివేది ఒకటే సంగతి. ఒక కంపెనీ మీద వేలమంది దావా వేస్తే, అన్నీ విచారించడానికి ఏ జడ్జికీ ఆయుష్షు చాలదు. అందుకని కొన్ని కేసుల్ని నమూనాగా తీసి విచారిస్తారు. ఆ తీర్పుల్ని బట్టి మిగతావాళ్ళతో రాజీ కుదురుస్తారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు కదా! మెతుకులకైతే అభ్యంతరం ఉండదు. మనుషులకు ఉంటుంది.

అలా పట్టి చూడని మెతుకుల్లో మా బాబాయ్ ఒకడు. ఆస్బెస్టాస్ పైపుల ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. మధ్యలో కొన్నాళ్ళు రాళ్ళ క్వారీలో కూడా చేశాడు కాబట్టి, జబ్బు ఎక్కడిదో తేల్చడం కష్టమని ఆయన కేసును నమూనాలోకి తీసుకోలేదు. పద్ధతి ప్రకారం అది సరైనదే. నా వ్యాసంలో నేనూ అదే రాశాను, ప్రొఫెసరు మెచ్చుకున్నాడు. ఆ వ్యాసం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ఎంతిస్తారని బాబాయ్ ఎన్నడూ అడగలేదు. కోర్టులో నిలబడి తనకు జరిగింది తన నోటితో చెప్పాలి, అంతే. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"అమ్మాయ్, నా వంతెప్పుడే?"

"వస్తుంది బాబాయ్."

రాదని నాకు తెలుసు. ఈ చలికాలం గట్టెక్కితే గొప్పేనని డాక్టరు పిన్నితో అన్నాడు. "కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. మీ బాబాయికి ఏడవడానికి కూడా వంతు రాలేదు" అంది పిన్ని. నవ్వబోయి మానేశాను.

మా ప్రాక్టీసు కోర్టులో సాక్షి వేషం ఎప్పుడూ ఆఫీసు గుమాస్తాదే. కాగితం చూసి గడగడా చదివేసి టీకి వెళ్ళిపోతాడు. ఈసారి ఆ వేషానికి బాబాయిని అడిగాను.

"ఉత్తుత్తి కోర్టు బాబాయ్. తీర్పు ఉండదు. నువ్వు చెప్పింది ఎక్కడా లెక్కలోకి రాదు."

"ప్రశ్నలడుగుతారా?"

"అడుగుతారు."

"అయితే వస్తా."

కేసు సంగతి బయట మాట్లాడొద్దని ఆయన లాయరు నసిగాడు. "లోపలా మాట్లాడనివ్వరు, బయటా మాట్లాడనివ్వరు. మరి నోరు దేనికయ్యా, మాత్రలు మింగడానికా?" అన్నాడు బాబాయ్. ఎవరూ రికార్డు చేయకూడదన్న షరతు మీద లాయరు ఒప్పుకున్నాడు.

బాబాయ్ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో వచ్చాడు. "అసలు కోర్టు కోసం కుట్టించుకున్నాడే. ఇప్పుడందులో ఇద్దరు పడతారు" అని పిన్ని నా చెవిలో గొణిగింది.

కంపెనీ లాయరుగా నిలబడిన విద్యార్థిని నీళ్ళు నమిలింది. "మీరు క్వారీలో కూడా చేశారు కదండీ? ఇబ్బందైతే చెప్పక్కర్లేదు."

"అదేం అడగడమమ్మా! ఆ కంపెనీ లాయరు ఇంత మెత్తగా అడుగుతాడా? గట్టిగా అడుగు."

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నా వైపు చూసింది. కానివ్వమన్నట్టు తలూపాను.

"మీ జబ్బు క్వారీ వల్ల రాలేదని ఎలా చెప్పగలరు?"

"చెప్పలేనమ్మా. ఏ దుమ్ము ఎక్కడిదో నాకేం తెలుసు? కానీ క్వారీవాడు మూతికి గుడ్డ కట్టుకోమనేవాడు. ఫ్యాక్టరీలో, పైపులు కొనడానికొచ్చినవాళ్ళు చూస్తే భయపడతారని కట్టుకున్న గుడ్డ విప్పించారు. విప్పమన్నవాడి మొహం నాకిప్పటికీ..."

దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు. పిన్ని లేవబోయింది. జడ్జి కుర్చీలో ఉన్న కుర్రాడు కంగారుపడ్డాడు. "నీళ్ళు తాగండి. కాసేపు ఆపుదాం."

బాబాయ్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "ఆపొద్దు బాబూ. మళ్ళీ నా వంతు పోతుంది."

నాకు ఏడుపొచ్చింది. అంతలో బెల్లు మోగింది. గది మాదేనంటూ తర్వాతి క్లాసు వాళ్ళు తలుపు తడుతున్నారు.

లేచి వెళ్ళి గడియ పెట్టాను.