వరదానం గారి ముగింపు ప్రార్థన

మా ఆయన ముగింపు ప్రార్థన మొదలుపెట్టారంటే, ఎసరు పెట్టి వచ్చినవాళ్లు ఇంటికెళ్లి అన్నం వార్చుకుని మళ్లీ వచ్చి ఆమెన్ చెప్పొచ్చని మా సంఘంలో ఆడవాళ్లు నవ్వుకునేవారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. పెంటపాడు హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మాస్టారు కదా, దేవుణ్ణి సంబోధించడానికే ఐదు నిమిషాలు పట్టేది. ఆ తరవాత వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా ఎవరి కష్టం వాళ్ల పేరుతో సహా దేవుడికి అప్పజెప్పేవారు. పక్కింటి వెంకటనరసమ్మ గారు మా మతం కాదు, వారం తప్పకుండా గుడికి వెళ్లే మనిషి. అయినా ఆవిడ గేదె ఈనలేక అవస్థ పడిన రోజున, "మాస్టారండీ, మీ దేవుడి చెవిన కూడా ఓ మాట వెయ్యండి" అని గోడ మీంచి అడిగింది. ఈయన నిజంగానే వేశారు. ప్రార్థన కూడికలో గేదె పేరు విని పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నేను కెజియాని. ఆయన భార్యని. ఆయనకి ఎంత ఓర్పో నాకు అంత తక్కువ. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో నలుగురి ముందు నోరు విప్పి ప్రార్థన చేసిన పాపాన పోలేదు. ఆయన చేసేదే ఊరందరికీ సరిపోతుంది కదా అనేదాన్ని.

పోయిన సంవత్సరం జులైలో, నాట్లు పడుతున్న రోజుల్లో, పొద్దున్నే పళ్లు తోముకుంటూ నూతి పళ్లెం దగ్గర పడిపోయారు. తాడేపల్లిగూడెంలో చూపించి, అక్కణ్నుంచి ఏలూరు తీసుకెళ్లాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది, కుడికాలు ఈడుస్తూ నడుస్తారు. మాట మాత్రం మొత్తం పోయింది. మనం చెప్పేది అంతా అర్థమవుతుందనీ, ఆయన చెప్పాలనుకున్నదే బయటికి రాదనీ డాక్టరు చెప్పారు. ఆయనకి మిగిలిందల్లా ఒక్క 'ఊ'. కథ చెబుతుంటే పిల్లలు కొట్టే ఊ లాంటిది. కాఫీ కావాలన్నా ఊ, చాలన్నా ఊ. ఆ ఒక్కదాంట్లో ఇరవై రకాలు నేను మెల్లగా నేర్చుకున్నాను.

ప్రతి మంగళవారం రైల్లో ఏలూరు వెళ్లేవాళ్లం, మాట నేర్పించే అమ్మాయి దగ్గరికి. పద్మప్రియ అని చక్కటి పిల్ల, విసుగన్నది తెలియదు. మొదటి రోజు ఒక అట్ట తీసి చూపించి, "మాస్టారండీ, ఇదేంటో చెప్పండి" అంది. ఆవు బొమ్మ. పద్యం అందుకుంటే క్లాసు క్లాసంతా నోరు తెరుచుకుని వినే మనిషి, ఆ ఆవు వంక చూశారు, నా వంక చూశారు, ఊ అన్నారు. తిరుగు రైల్లో భీమడోలు దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

ఆ రైల్లోనే నేను దేవుడితో పంతం పట్టాను. ఊళ్లో ఇన్ని నోళ్లుంటే, అబద్ధాలాడేవి, తిట్టేవి, చాడీలు చెప్పేవి ఉంటే, నీకు ఈ నోరే దొరికిందా అని అడిగాను. ఆయన మాట ఆయనకి తిరిగి ఇచ్చేదాకా నేను నీతో ఒక్క మాట మాట్లాడను, ఇది ఖాయం అన్నాను. మాట్లాడలేదు కూడా. ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని, వండేటప్పుడు గుప్పెడు బియ్యం సంఘం కోసం డబ్బాలో వేసేదాన్ని, అందరూ కళ్లు మూసుకుంటే నేనూ మూసుకునేదాన్ని. లోపల మాత్రం తలుపు గడియ పెట్టేశాను. మా అమ్మాయి దీవెన ఏలూరులో టీచరు. ఈ సంగతి విని, దేవుడి మీద ఎవరైనా అలుగుతారా అమ్మా అని మందలించింది. మనవాళ్ల మీద కాకపోతే దారిన పోయేవాళ్ల మీద అలుగుతామా అన్నాను.

మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. ఎప్పుడూ ఆయనే చేసేవారు. ఇప్పుడు ఆ వేళకి కుర్చీలో సర్దుకుని కూర్చుని, నావైపు చూసి ఊ అనేవారు. నువ్వు చెయ్యి అని దాని అర్థం. నాకు తెలిసినా తెలియనట్టు చీరలు మడతపెట్టుకునేదాన్ని. కాసేపు చూసి ఆయనే కళ్లు మూసుకునేవారు. మర్నాడు ఏడింటికి మళ్లీ అదే ఊ. పదహారు నెలలు ఇలాగే సాగింది. ఒక్క రోజన్నా విసుక్కుంటే బాగుండును. ఆ ఓర్పు చూస్తే నాకు ఒళ్లు మండేది. చొక్కా గుండీలు పెడుతూ పైకే తిట్టేదాన్ని. అన్నం దగ్గర మాత్రం, కొల్లేటి నుంచి కొరమీను వచ్చిన రోజున, ఎడంచేత్తో వెతికి వెతికి నడుం ముక్క నా కంచంలో వేసేవారు. ఆ మనిషిని ఏం చెయ్యను? తిట్టుకుంటూనే తినేదాన్ని.

ఇంకో తప్పు కూడా చేశాను. మాట పోయినా జనం ఆయన కోసం రావడం మానలేదు. గేటు దగ్గర నిలబడి వాళ్ల కష్టం చెప్పి, మాస్టారికి చెప్పండమ్మా, ప్రార్థన చేస్తారు అనేవారు. చెప్తాలెండి అని పంపేసేదాన్ని. చెప్పేదాన్ని కాదు. నోరు లేని మనిషి మీద ఇంకా ఈ బరువులెందుకని నా ఉక్రోషం. ఆయన వసారాలోనే కూర్చుని ఉండేవారని, అన్నీ చెవిన పడుతూనే ఉండేవని నాకు తట్టలేదు.

మా సంఘంలో శనివారం సాయంత్రం గృహకూడికలు వంతుల ప్రకారం జరుగుతాయి. పోయిన ఏడు మా వంతు నేనే తప్పించాను. ఈ నవంబరులో వంతు వచ్చినప్పుడు కూడా వద్దనబోతే, గోడకి అంటించిన పట్టికలో మా ఇంటి పేరు మీద ఆయన వేలు పెట్టి, తీయకుండా నిలబడ్డారు. సరే అన్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి తొడిగాను. గడ్డం గీస్తుంటే రెండుచోట్ల తెగింది.

ఐదింటికి ముప్పై మందిదాకా వచ్చి చాపల మీద కూర్చున్నారు. వెంకటనరసమ్మ గారు గిన్నెడు పులిహోర తెచ్చి, మనింటి కార్యం కదా అని గుమ్మం పక్కనే చతికిలబడింది. కొత్త పాస్టరు ఆనంద్ పాల్ గారు మా ఊరు వచ్చి మూడు వారాలే. మాస్టారికి ఒంట్లో బాగోలేదని విన్నారట గానీ, కాలికే అనుకున్నారు. తెల్లచొక్కాలో నవ్వుతూ కూర్చున్న మనిషిని చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. శ్రమల్లో ఓపిక పట్టడం గురించి పాస్టరు గారు వాక్యం చెప్పారు. బాగానే చెప్పారు. ముప్పై ఏళ్లు నిండని వాడు, ఇంకొకరి చొక్కాకి గుండీలు ఒక్క నెల పెట్టి వచ్చి అప్పుడు చెప్పాల్సిందని నేను లోపల గొణుక్కున్నాను.

మా కూడికల పట్టిక ఏటా జనవరిలో టైపు చేస్తారు. చేస్తారంటే, పాత దాంట్లో తేదీలు మారుస్తారు. అంతే. మా ఇంటి కూడికకి ముగింపు ప్రార్థన ఎవరిదని ఎన్నేళ్లుగా ఉందో అలాగే ఉండిపోయింది. పాస్టరు గారు చేతిలో కాగితం చూసి, "ముగింపు ప్రార్థన మన పెద్దలు వరదానం గారు చేస్తారండి. అందరం తలలు వంచుదాం" అని, అందరికంటే ముందు తనే కళ్లు మూసుకున్నారు.

మా దగ్గర ఒక కట్టడి ఉంది. ముగింపు ప్రార్థన అన్నాక ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, కదలకూడదు. తెరిచిన పిల్లలకి తొడపాశం తప్పదు. జరిగిన పొరపాటు తెలిసి ఒకరిద్దరు ఉలిక్కిపడ్డారు గానీ, ఏళ్ల తరబడి అలవాటు, తలలన్నీ వంగిపోయాయి. చెప్పేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు.

ఆయన కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

నేను కళ్లు మూసుకోలేదు. భయపడతారేమోనని ఆయన మొహంలోకి చూశాను. భయం లేదు. సంతోషం. పదహారు నెలలకి ఎవరో తన పని తనకి చెప్పారన్న సంతోషం. ఆయన నోరు తెరిచారు. ఊ అన్నారు. గొంతు సవరించుకుని మళ్లీ ఊ అన్నారు. మెడ నరాలు ఉబ్బాయి. పైన ఫ్యాను తిరుగుతోంది, పొలాల వైపు నుంచి వరికోత మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ తల ఎత్తలేదు. మూడోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ సంతోషం ఆయన మొహంలోంచి కొంచెం కొంచెంగా దిగిపోవడం నేను చూశాను.

ఆ తరవాత నా పంతం నాకు గుర్తులేదు.

"ప్రభువా" అన్నాను. వీధి చివర చేపలామెని కేకేసినట్టు వచ్చింది నా గొంతు. "నేను కెజియానయ్యా. నీమీద కోపం తగ్గి మాట్లాడటం లేదు. ఈయన్ని ఇలా నిలబెట్టి చూడలేక మాట్లాడుతున్నాను."

ఆయన నావైపు తిరిగి ఊ అన్నారు.

అది ప్రార్థన అనుకోను, పోట్లాట. ఆవు బొమ్మ సంగతి చెప్పాను. చొక్కా గుండీల సంగతి, గడ్డం దగ్గర గాట్ల సంగతి చెప్పాను. ఏడింటికి ఆయన పిలుస్తుంటే పదహారు నెలలు చెవిటిదానిలా చీరలు మడతపెట్టానని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఎంత విసుక్కున్నా ఈ మనిషి నాకు ఎదురు చెప్పడం లేదు, అది ఇంకా కష్టంగా ఉందన్నాను. ఒక్కో మాటకీ ఆయన ఊ కొడుతూనే ఉన్నారు. ఆ ఊ ఆయనదో, నేను ఎవరితో మాట్లాడుతున్నానో వారి తరఫునదో నాకు తెలియలేదు.

చెప్పేది అయిపోయింది. ఆమెన్ అనబోయాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కాలు ఈడ్చుకుంటూ ముందు వరసలో ఉన్న యేసమ్మ దగ్గరికి వెళ్లి, ఎడంచెయ్యి ఆమె తల మీద పెట్టి, నావైపు చూశారు.

"యేసమ్మ, ప్రభువా" అన్నాను. "కంటి ఆపరేషన్ దగ్గరపడింది. భయపడుతోంది."

గేటు దగ్గర నాతో చెప్పి వెళ్లిన మాట అది. నేను ఈయనకి చెప్పని మాట. ఆయన ఆ పక్కనున్న తల మీద చెయ్యి పెట్టారు. బెంజమిన్. చేపల చెరువు మీద పెట్టిందంతా పోయి గణపవరం నుంచి తిరిగొచ్చి, రెండు నెలలుగా అన్నం సరిగ్గా తినడం లేదని వాళ్లమ్మ చెప్పింది. ఆ పక్కన రాజరత్నం. కొడుకు మాట్లాడి ఏడాది. ఒక్కో తల మీదా చెయ్యి పడుతోంది, ఒక్కో పేరూ నా నోట్లోంచి వస్తోంది. పంపేశాను అనుకున్నవాళ్లు ఎవరూ వెళ్లలేదు, అందరూ నాలోనే కూర్చుని ఉన్నారు. ముప్పై మంది దగ్గరికీ ఆయన కాలు ఈడ్చుకుంటూ తిరిగారు. పాస్టరు గారి తల మీద చెయ్యి పెట్టినప్పుడు, "కొత్త ఊరయ్యా ఈ అబ్బాయికి, తోడుండు" అన్నాను. మూసిన కళ్లలోంచి ఆ అబ్బాయికి నీళ్లు కారుతున్నాయి. పాపం, తను చేసిన పొరపాటు ఆపాటికే తెలిసిపోయి ఉంటుంది.

చివరికి నా దగ్గరికి వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి ఆగారు.

ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ చెప్పిన నోరు నా దగ్గరికొచ్చేసరికి పెగల్లేదు. ఏమని అడగను? ఆయన ఊ అన్నారు. ఇంకోసారి, బతిమాలుతున్నట్టు, ఊ అన్నారు. నా పేరు చెప్పాల్సింది తను, చెప్పలేరు. గదిలో అందరూ కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నారు.

అప్పుడు గుమ్మం పక్క నుంచి గొంతు వినిపించింది. వెంకటనరసమ్మ గారు. కళ్లు మూసుకోవాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చేతులు జోడించుకుని మొదటి నుంచీ అంతా చూస్తూనే ఉంది.

"ఈవిడ కెజియమ్మ గారండీ, సామీ" అంది. మా దేవుణ్ణి నువ్వు అనొచ్చని ఆవిడకి తెలియదు, పెద్దలతో మాట్లాడినట్టే అడిగింది. "పదహారు నెలల బట్టీ ఒక్కరే మోస్తున్నారండి. ఈవిడ కోసం మాస్టారు అడుగుతున్నారు, ఆయనకి నోరు రావట్లేదండి. నేను గోడ పక్క మనిషిని, నాకు తెలుసు. ఓపిక ఇప్పించండి ఈవిడకి. ఇంకేం అడగట్లేదండి."

ముప్పై గొంతులు ఒక్కసారిగా ఆమెన్ అన్నాయి. అందులో మా ఆయన గొంతు ఉందో లేదో నాకు తెలియదు, నేను వెక్కివెక్కి ఏడుస్తున్నాను. అందరూ కళ్లు తెరిచారు. ఆయన మాత్రం నా తల మీద చెయ్యి తీయలేదు.