సొంత రక్తం

వెంటిలేటర్ మీదున్న నెల తిరగని మనవడికి రక్తం ఎక్కించాలని రాజమండ్రి డాక్టరుగారు అనగానే, రత్నమాణిక్యం ఎస్టీడీ బూత్ నుంచి నిడదవోలుకు ఫోను చేసి, కొడుకులనూ మేనల్లుళ్లనూ వ్యాను నిండా దింపించింది. పెళ్లిళ్లకు కూడా వాళ్లు అంత వేళకు రాలేదు.

పక్క మంచంలోని పాప తండ్రి యెహెజ్కేలు మాస్టారు, "నాదీ అదే గ్రూపండి, ఇస్తాను" అన్నారు.

"మా వంశంలో రక్తానికి కరువు లేదు లెండి. ఎవరిదో ఎందుకు?" అంది ఆవిడ, 'ఎవరిదో' దగ్గర కాస్త నొక్కి.

డాక్టరుగారు వ్యాను జనాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇంత చిన్నబిడ్డకి ఏ రక్తం ఎక్కించినా ప్రమాదం ఉంటుందండి. దగ్గర బంధువులదైతే మరీను. మీ కణాల్ని వాడి ఒళ్లు తనవేననుకుని ఊరుకుంటుంది, అవేమో లోపల చేరి వాడిమీదే తిరగబడతాయి. బయటివాళ్లెవరూ లేరా?"

ఉన్నారు. వరండా చివర ఫ్లాస్కు కడుక్కుంటున్నారు.

ఇంటిల్లిపాదికీ పనులు పురమాయించే ఆవిడ, ఆ వరండా చివరిదాకా తానే నడిచి వెళ్లింది.

"మాస్టారండీ..." అంది, తల వంచుకుని.

ఆయన ఫ్లాస్కు పక్కన పెట్టి, చొక్కా చెయ్యి మడుచుకున్నారు. "పొద్దున్న ఇడ్లీ తిన్నానండి. ఫర్వాలేదంటారా?"

ఒక్క చురక వేసినా ఆవిడ తల ఎత్తగలిగేది.